రోడోడెండ్రాన్: జానెడు మట్టిలో బతికే కొండ పొద

అందరికీ నమస్కారం.

రోడోడెండ్రాన్ గురించి మాట్లాడమన్నారు. ఫోటోల్లో చూసే ఉంటారు. కొండ వాలంతా ఎరుపో, గులాబీయో, ఊదానో పరుచుకుని ఉంటుంది, వెనకాల మంచు శిఖరం కనిపిస్తుంది. ఆ పువ్వు అందం గురించి ఎంత చెప్పినా తక్కువే. అయితే ఈ మొక్క బతకాలన్నా చావాలన్నా తేల్చేది నేల పైపొరలోని జానెడు మట్టి. తెచ్చి నాటిన రెండు మూడేళ్ళకే పోయిన మొక్కల్ని పీకి చూస్తే, చలికి చచ్చినవి తక్కువే కనిపిస్తాయి. వేరుకు గాలాడక పోయినవి, వేరు ఎండి పోయినవి, సున్నం ఎక్కువై పోయినవే ఎక్కువ. అందుకే ఈ పూట ఎక్కువసేపు మట్టి దగ్గరే ఉంటాను. పువ్వు దగ్గరికి తర్వాత వెళ్దాం.

ముందు మొక్క ఏమిటో చూద్దాం. ఇది ఎరికేసీ కుటుంబానికి చెందింది, బ్లూబెర్రీది కూడా అదే కుటుంబం. ఈ ప్రజాతికి, అంటే దగ్గరి చుట్టాలైన జాతుల గుంపుకి, 1753లో స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ పేరు పెట్టాడు. ఇప్పుడు లెక్కలో ఉన్న జాతులు సుమారు వెయ్యి. అజేలియాలు కూడా వీటిలోనివే. వాటిలో ఆకు రాల్చేవీ ఉన్నాయి కానీ నేను ఏడాది పొడవునా ఆకు నిలుపుకునే కొండ జాతుల గురించే మాట్లాడతాను. తూర్పు హిమాలయాలు, టిబెట్ ఆగ్నేయ భాగం, చైనాలోని యునాన్, సిచువాన్ కొండలు వీటికి పుట్టిల్లు. బ్రిటన్ వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ డాల్టన్ హుకర్ 1848 నుంచి 1850 వరకు సిక్కిం కొండల్లో తిరిగి, అప్పటిదాకా యూరప్ చూడని జాతుల్ని ఎన్నిటినో వర్ణించాడు, విత్తనాలు పంపాడు. యూరప్ తోటల్లో రోడోడెండ్రాన్ పిచ్చి పట్టింది ఆ తర్వాతే.

హిమాలయాల్లో కింద నుంచి పైకి నడిస్తే ఈ ప్రజాతి ఎలా కుదించుకుపోతుందో కళ్ళారా చూడొచ్చు. కింద ఓక్ అడవుల్లో అర్బోరియమ్ అనే జాతి ఉంటుంది. అది పొద కాదు, ఎర్రటి పూలు పూసే చెట్టు. నేపాల్ జాతీయ పుష్పం అదే. దాని ఉపజాతి ఒకటి వేల కిలోమీటర్ల దూరంలో, మన నీలగిరి షోలా అడవుల అంచున ఉంది. ఇంకా పైకి, సుమారు 3000 నుంచి 4000 మీటర్ల మధ్య, చెట్లు ఆగిపోయే చోట కాంపాన్యులేటమ్ వస్తుంది. మంచు బరువు ఏటా తొక్కడం వల్ల దాని కొమ్మలు ముందు వాలు కిందికి ఒరిగి, ఆ తర్వాత పైకి లేస్తాయి. ఆ కొమ్మల మధ్య దారి చేసుకుని నడవడం చాలా కష్టం. ఆ పైన మోకాలెత్తు ఆంథోపోగన్. దాని ఆకు నలిపితే ఘాటైన వాసన వస్తుంది, అక్కడివాళ్ళు ఆ ఆకుతో ధూపం వేస్తారు. చివరిగా నివాలే. 5000 మీటర్లు దాటాక కూడా నేలకు కరుచుకుని, గోరంత ఆకులతో చిన్న ఊదా పూలు పూస్తుంది.

ఆల్ప్స్ కొండల్లో కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. అక్కడ ముఖ్యంగా రెండు జాతులు. ఒకటి ఫెర్రుజినియమ్. దాని ఆకు తిరగేస్తే కింద తుప్పు రంగు పొలుసులు ఉంటాయి. రెండోది హిర్సూటమ్. దాని ఆకు అంచున నూగు ఉంటుంది, అడుగు మాత్రం ఆకుపచ్చే. మొదటిది ఆమ్ల నేలల్లో, రెండోది సున్నపురాతి నేలల్లో పెరుగుతుంది. రెండు రకాల రాళ్ళు కలిసే చోట రెండూ పక్కపక్కన ఉంటాయి, అక్కడ సంకర మొక్కలు కూడా కనిపిస్తాయి. పొదను చూసి కింద ఏ రాయి ఉందో చెప్పొచ్చు. ఈ ప్రజాతి మట్టి విషయంలో ఎంత పట్టుదలగా ఉంటుందో ఈ ఒక్క విషయం చాలు తెలియడానికి.

ఇక అంత ఎత్తులో ఏడాది పొడవునా ఆకు ఎందుకు? ఆకు రాల్చేస్తే చలికాలం సుఖంగా గడవదా అని అడుగుతారు. పైన పెరిగే కాలం చాలా చిన్నది. మంచు కరిగి మళ్ళీ కురిసేలోపు చేతిలో ఉండేది మూడు నాలుగు నెలలే. అంతలో కొత్తగా ఆకులు వేసి, వాటి ఖర్చు రాబట్టుకుని, పువ్వూ కాయా పూర్తి చేయాలంటే కష్టం. నేలలో నత్రజని కూడా తక్కువ. అందుకని ఒకసారి వేసిన మందపాటి ఆకును రెండు మూడేళ్ళు, కొన్ని జాతులు ఇంకా ఎక్కువ కాలం, వాడుకుంటాయి. మంచు తొలగిన రోజు నుంచే ఆ ఆకు పని మొదలుపెడుతుంది. ఇక్కడ పెంచేవాళ్ళకు ఒక మాట. సతత హరితం అంటే ఏ ఆకూ రాలదని కాదు. కొమ్మ కింది భాగంలో ఉన్న పాత ఆకులు శరదృతువులో పసుపెక్కి రాలడం మామూలే. చివరి ఆకులు పచ్చగా ఉన్నంతవరకు కంగారు పడి ఎరువు వేయొద్దు.

ఆకును నిలుపుకోవడంలో ఒక ప్రమాదం ఉంది. చలికాలంలో ఎండ కాస్తుంది, గాలి వీస్తుంది, ఆకు నీటిని కోల్పోతుంది. నేల గడ్డకట్టి ఉంటే వేరు నీళ్ళు పీల్చలేదు. మొక్క చలికి కాకుండా దాహానికి చస్తుంది. ఆల్ప్స్ పొదలు దీన్నుంచి తప్పించుకునేది మంచు కిందే. మంచు దుప్పటి కింద గాలి తగలదు, ఉష్ణోగ్రత సున్నాకు దగ్గరగా నిలకడగా ఉంటుంది. గాలికి మంచు నిలవని గట్ల మీద ఫెర్రుజినియమ్ సరిగా బతకదు. మంచు పైకి పొడుచుకొచ్చిన కొమ్మల చివర్లు గోధుమ రంగుకి మాడిపోయి, కింది భాగం పచ్చగా ఉండటం వసంతంలో తరచూ కనిపిస్తుంది. వేడెక్కుతున్న కాలంలో మంచు ముందే కరిగితే మొక్కకు మంచిదే కదా అనిపించవచ్చు. జరిగేది దానికి వ్యతిరేకం. దుప్పటి ముందే తొలగితే చిగురు ముందే మేలుకుంటుంది, వెనక వచ్చే మంచు రాత్రికి దొరికిపోతుంది.

మంచు కప్పని పెద్దాకు జాతులకు ఇంకో ఉపాయం ఉంది. ఉత్తర అమెరికాలోని అపలాచియన్ కొండల్లో ఉండే మాక్సిమమ్ అనే జాతి దీనికి మంచి ఉదాహరణ. ఉష్ణోగ్రత సున్నాకు దిగేకొద్దీ ఆకు తొడిమ దగ్గర కిందికి వాలుతుంది. ఇంకా చల్లబడితే రెండంచులూ కిందివైపు మడుచుకుని, ఆకు నిలువునా చుట్టుకుపోయి వేలాడుతుంది. చలి తగ్గితే మళ్ళీ విప్పుకుంటుంది. గడ్డకట్టిన ఆకు మీద నేరుగా ఎండ పడకుండా చూసుకోవడం, ఉదయం మంచు మెల్లగా కరిగేలా చూసుకోవడం దీని ప్రయోజనమని పరిశోధనలు చెబుతున్నాయి. చలికాలంలో ఆకు చుట్టుకుంటే ఏమీ చేయక్కర్లేదు. అదే ఎండాకాలంలో చుట్టుకుంటే మాత్రం వెంటనే వేరు దగ్గర చూడాలి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. వేరు.

రోడోడెండ్రాన్‌కు లోతుగా దిగే తల్లివేరు ఉండదు. పెద్ద పొదను తవ్వి తీసినా చేతికొచ్చేది వెడల్పుగా, పలచగా ఉన్న వేళ్ళ చాపే. చివరి వేళ్ళు తల వెంట్రుకంత సన్నం. మామూలు మొక్కల వేళ్ళకుండే నూగు వీటికి ఉండదు. ఆ పని చేసేది శిలీంధ్రం. వేరు పై వరుస కణాల్లోకి శిలీంధ్రం దారాలు దూరి లోపల చుట్టలు కడతాయి, కొన్ని బయటి మట్టిలోకి పాకుతాయి. ఎరికాయిడ్ మైకోరైజా అంటారు దీన్ని. చల్లటి ఆమ్ల నేలల్లో ఆకూ నాచూ పూర్తిగా కుళ్ళవు. నత్రజని ఆ సగం చివికిన పదార్థంలోనే బందీగా ఉంటుంది. మామూలు మొక్కలు దాన్ని తీసుకోలేవు. ఈ శిలీంధ్రం ఎంజైములతో ఆ పదార్థాన్ని విడగొట్టి మొక్కకు అందిస్తుంది, బదులుగా మొక్క చక్కెర ఇస్తుంది. ఇతర పొదలు ఆకలితో అలమటించే వాలు మీద ఇది దట్టంగా అల్లుకుపోవడానికి కారణం ఈ ఒప్పందమే.

ఈ నిర్మాణాన్ని మనసులో పెట్టుకుంటే, పెంపకంలో ఏం చేయాలో, ఏం చేయకూడదో చాలావరకు మనకే తెలిసిపోతుంది. వేరు పైపైనే ఉంది కాబట్టి ముందుగా ఎండేదీ అదే, ముందుగా వేడెక్కేదీ అదే. సన్నటి వేరు కాబట్టి గట్టి బంకమట్టిలోకి చొచ్చుకుపోలేదు. గాలి లేకపోతే తట్టుకోలేదు. మొదట్లో గడ్డి తీద్దామని పారతో గీకితే పోయేది కలుపు ఒక్కటే కాదు, పొద నోటి దగ్గర కూడు కూడా పోతుంది. కలుపు చేత్తోనే లాగాలి.

నేల ఆమ్లత్వం 4.5 నుంచి 6 పీహెచ్ మధ్య ఉండాలి, 5 దగ్గర ఉంటే బాగు. పీహెచ్ కొలమానంలో ఒక అంకె తేడా అంటే పది రెట్లు. 5 ఉన్న నేల 6 ఉన్న నేల కన్నా పది రెట్లు ఆమ్లం. కాబట్టి కంటి అంచనాతో పని జరగదు, పరీక్ష చేయించాలి. పీహెచ్ ఎక్కువైతే మట్టిలో ఇనుము ఉన్నా మొక్కకు అందదు. చిగురాకు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. పీహెచ్ కాస్త ఎక్కువగా ఉంటే గంధకం పొడి కలపొచ్చు. ఒక అంకె దింపడానికి ఇసుక నేలలో చదరపు మీటరుకు 50 గ్రాముల ప్రాంతంలో, బరువు నేలలో దానికి రెండు మూడింతలు పడుతుంది. గంధకాన్ని ఆమ్లంగా మార్చేది మట్టిలోని బాక్టీరియా కాబట్టి వెచ్చదనం, తడి, కొన్ని నెలల సమయం కావాలి. నాటడానికి ముందు ఏడాదే వేసి, మళ్ళీ కొలిచి, అప్పుడు నాటాలి. అల్యూమినియం సల్ఫేట్ త్వరగా పనిచేస్తుందని కొందరు వాడతారు. మోతాదు దాటితే అల్యూమినియమే వేరుకు విషం. నేను వద్దంటాను. ఇక సున్నపురాతి ముక్కలున్న నేల అయితే ఎంత గంధకం వేసినా ఆ సున్నం దాన్ని మింగేస్తుంది. అక్కడ నేలను మార్చే ప్రయత్నం మానేసి, నేల పైన ఎత్తు మడి కట్టుకోవడమే మార్గం.

నీరు నిలుస్తుందా లేదా అన్నది నాటకముందే చూడాలి. అడుగు లోతు గుంత తీసి నీళ్ళు నింపండి. ఇంకిపోయాక మళ్ళీ నింపి గంట చూడండి. రెండోసారి గంటకు రెండున్నర సెంటీమీటర్లయినా దిగకపోతే ఆ చోట గుంతలో నాటొద్దు. ఇక్కడే చాలామంది పొరబడతారు. బంకమట్టిలో పెద్ద గుంత తవ్వి, దాన్ని మంచి పీట్‌తో (చిత్తడి నేలల్లో సగం చివికిన నాచు), ఆకు ఎరువుతో నింపి నాటుతారు. చుట్టూ ఉన్న బంకమట్టి నీళ్ళు వదలదు, గుంత తొట్టిలా మారి, వాన నీళ్ళన్నీ అందులోకే చేరతాయి. వేరు అందులో ఊపిరాడక చస్తుంది. అలాంటి నేల మీద 30 సెంటీమీటర్ల ఎత్తున, కనీసం మీటరు వెడల్పున మడి పోసి, మొక్కను ఆ మడిలో పెట్టాలి. మడికి చివికిన బెరడు పొట్టు, ఆకు చివికిన మట్టి, ముతక ఇసుక బాగుంటాయి. పచ్చి రంపపు పొట్టు కలిపితే అది కుళ్ళే క్రమంలో నత్రజనిని లాగేసుకుంటుంది, మొక్క పాలిపోతుంది.

కుండీ మొక్క తెచ్చినప్పుడు చేయాల్సిన పని ఒకటుంది, దాన్ని దాటేయొద్దు. ఆ మొక్క దాదాపు పూర్తిగా పీట్‌లో పెరిగి ఉంటుంది. పీట్ ఒకసారి పూర్తిగా ఎండితే నీటిని తోసేస్తుంది. పైన పోసిన నీళ్ళు పక్కల నుంచి జారిపోతాయి, మధ్యలో ముద్ద పొడిగానే ఉంటుంది. చుట్టూ మట్టి తడిగా ఉంటుంది, మొక్క వాడిపోతూ ఉంటుంది. నీళ్ళు ఎక్కువయ్యాయేమో అనుకుని తగ్గిస్తాం, అది ఇంకా త్వరగా చస్తుంది. అందుకే నాటే ముందు వేరుముద్దను బకెట్ నీళ్ళలో ముంచి, బుడగలు ఆగేదాకా ఉంచాలి. బయటికి తీశాక ముద్ద చుట్టూ వేళ్ళు గుండ్రంగా అల్లుకుపోయి ఉంటే పదునైన కత్తితో పైనుంచి కిందికి మూడు నాలుగు చోట్ల రెండు సెంటీమీటర్ల లోతున గాట్లు పెట్టాలి, అడుగున అల్లుకున్న వేళ్ళను చేత్తో విప్పదీయాలి. అలా చేయకపోతే రెండేళ్ళ తర్వాత పీకి చూసినా ముద్ద కుండీ ఆకారంలోనే ఉంటుంది.

నాటే లోతు: వేరుముద్ద పైభాగం చుట్టూ నేల కన్నా రెండు మూడు సెంటీమీటర్లు ఎత్తులో ఉండాలి. మట్టి సర్దుకున్నాక సమానమవుతుంది. లోతుగా పెట్టినదానికి ఏ చికిత్సా పనిచేయదు, తీసి ఎత్తులో పెట్టాల్సిందే. ఆ పైన ఎండిన పైన్ సూదులు, బెరడు ముక్కలు, చివికిన ఆకులు ఐదు నుంచి పది సెంటీమీటర్ల మందాన పరవాలి. కాండానికి నాలుగు వేళ్ళ దూరం వదలాలి, ఆనించి పోస్తే బెరడు కుళ్ళుతుంది. కొండ మీద ఏటా రాలే ఆకు చేసే పనే ఇది. వేరును చల్లగా ఉంచుతుంది, తడి నిలుపుతుంది, కుళ్ళుతూ తిండి పెడుతుంది. ఏటా కొంత పోస్తూ ఉండాలి.

నీళ్ళ లెక్క: పెరిగే కాలంలో వాన లేకపోతే వారానికి చదరపు మీటరుకు పాతిక లీటర్లు. వాన నీరైతే ఉత్తమం. బోరు నీళ్ళలో బైకార్బొనేట్లు ఎక్కువుంటే మనం కష్టపడి తెచ్చుకున్న ఆమ్లత్వాన్ని అవి నెలనెలా తినేస్తాయి. శీతాకాలం గట్టిగా ఉండే చోట నేల గడ్డకట్టేలోపు ఒకసారి బాగా తడపాలి. ఇందాక చెప్పిన దాహపు చావుకు ఇదే విరుగుడు.

ఎరువు తక్కువే వేయాలి. అమ్మోనియం రూపంలో నత్రజని ఉన్న ఎరువు, వసంతంలో, ప్యాకెట్ మీద రాసిన దాంట్లో సగం. నైట్రేట్ రూపంలో ఉన్నది దీనికి అంతగా ఒంటబట్టదు. పచ్చి పేడ, కోళ్ళ ఎరువు వేయొద్దు, వాటిలోని లవణాలకు సన్న వేళ్ళు మాడతాయి. నడి వేసవి దాటాక నత్రజని ఇస్తే లేత చిగురు వస్తుంది, అది ముదిరేలోపు మంచు పడుతుంది.

కత్తిరింపు గురించి రెండు మాటలు చాలు. వచ్చే ఏడాది పూలు ఈ ఏడాది వేసవిలోనే కొమ్మ చివర మొగ్గలై కూర్చుంటాయి. కాబట్టి కత్తిరించాలంటే పూలు అయిపోయిన వెంటనే. శరదృతువులో కత్తిరిస్తే కోసేది పూలనే. వాడిన గుత్తిని రెండు వేళ్ళ మధ్య పట్టి పక్కకు విరిస్తే తేలిగ్గా వస్తుంది. దాని కిందే కొత్త చిగురు మొగ్గలు అంటుకుని ఉంటాయి, వాటిని విరవకుండా చూసుకోవాలి. ఇలా తీసేస్తే కాయలకు పోయే బలం కొత్త కొమ్మలకు పోతుంది.

జబ్బుల సంగతి. అన్నిటికన్నా పెద్ద శత్రువు ఫైటాఫ్తొరా వేరుకుళ్ళు. మట్టి తడిగా ఉంది, మొక్క మాత్రం వాడింది, రాత్రికి కూడా తేరుకోవడం లేదు. అప్పుడు కాండం మొదట్లో బెరడు కాస్త గీకి చూడండి. కింద ఆకుపచ్చ తెలుపు ఉండాల్సిన చోట ఎర్రటి గోధుమ రంగు ఉంటే అదే. ఆ మొక్క తేరుకోదు. నీళ్ళు నిలిచే వెచ్చటి నేలలో ఈ జీవి నీళ్ళలో ఈదే బీజాలతో పాకుతుంది. మొక్కను తీసేయాలి, ఆ చోట నీటి పారుదల మార్చకుండా మళ్ళీ రోడోడెండ్రాన్ పెట్టొద్దు.

ఆకు అంచున అర్ధచంద్రాకారంలో కొరికిన గుర్తులుంటే ముక్కుపురుగు. పెద్ద పురుగు రాత్రి పూట ఆకు తింటుంది, దానివల్ల మొక్క చావదు. మట్టిలోని దాని తెల్లటి పిల్లపురుగు వేరునూ కాండం మొదటి బెరడునూ తింటుంది, చంపేది అదే. ఆ పిల్లపురుగును చంపే నెమటోడ్లను, అంటే కంటికి ఆనని నులిపురుగుల్ని, తడి మట్టిలో వదలడం మంచి విరుగుడు. ఆకు పైన సన్నటి తెల్ల చుక్కలు, కింద నల్లటి మెరిసే చుక్కలు కనిపిస్తే లేస్ బగ్ అనే రసం పీల్చే పురుగు. ఎండ ఎక్కువ పడే పొడి చోట ఇది పెరుగుతుంది. మందు కన్నా ముందు మొక్కకు నీడ చూడాలి.

విచ్చుకోకుండా గోధుమ రంగుకి తిరిగిన మొగ్గల్ని చూసి మంచు దెబ్బ అనుకుంటారు. దగ్గరగా చూడండి. మొగ్గ పొలుసుల మీద నల్లటి గుండుసూది తలల్లాంటి పొడుపులు నిలబడి ఉంటే అది బడ్ బ్లాస్ట్ అనే శిలీంధ్ర తెగులు. ఆ పొడుపులు లేకుండా మెత్తగా నల్లబడితే మంచు. తెగులు మొగ్గ ఏళ్ళ తరబడి కొమ్మకే ఉండి బీజాలు చల్లుతుంది కాబట్టి తుంచి తగలబెట్టాలి. ఆల్ప్స్‌లో ఇంకొకటి ఉంది, తుప్పు తెగులు. దాని జీవితం సగం రోడోడెండ్రాన్ మీద, సగం స్ప్రూస్ చెట్టు మీద. రెండూ కలిసి పెరిగే చెట్ల హద్దు దగ్గర కొన్ని వేసవుల్లో స్ప్రూస్ అడవి మొత్తం పసుపెక్కి కనిపించేది దీనివల్లే.

పువ్వు దగ్గరికి వెళ్దామన్నాను. ఒక పువ్వును చేతిలోకి తీసుకుని కేసరం చివర చూడండి. చాలా పూలలో పుప్పొడి సంచి నిలువునా చీలుతుంది. దీనిది చీలదు, చివర రెండు చిన్న రంధ్రాలు తెరుచుకుంటాయి. ఆ రంధ్రాన్ని సూదితో తాకి మెల్లగా లాగితే పుప్పొడి పొడిగా రాలదు, జిగురు దారాలతో ఒకదానికొకటి ముడిపడి హారంగా బయటికి సాగుతుంది. నాలుగేసి రేణువులు కలిసి ఒక గుంపు, గుంపుల మధ్య దారాలు. తేనెటీగ కాలికో పక్షి మెడకో ఒక కొస తగిలితే చాలు, లోపలున్నదంతా వెంట వస్తుంది. వానా పొగమంచూ ఉన్న చోట, కీటకం ఎప్పుడొస్తుందో తెలియని చోట, ఒక్క రాకలోనే వందల గింజలకు సరిపడా పుప్పొడి చేరవేయడం ఇలా. పై రేకు మీద ఉండే చుక్కలు తేనెకు దారి చూపే గుర్తులు. ఎర్ర అర్బోరియమ్ పూలకు మాత్రం తేనెపిట్టలు బాగా వస్తాయి.

ఒక్కో కాయలో వందల నుంచి వేల గింజలు, ఒక్కొక్కటి మిల్లీమీటరు పొడవు. పెంచాలనుకుంటే కాయ గోధుమ రంగుకి తిరిగి, ఇంకా పగలని దశలో కోసి, కాగితం మీద ఆరబెట్టండి. జల్లించిన స్ఫాగ్నమ్ నాచు లేదా పీట్ తడిపి, చదును చేసి, గింజల్ని పైన చల్లండి. మట్టి కప్పొద్దు, మొలవడానికి వెలుతురు కావాలి. పైన పారదర్శక మూత. 18 నుంచి 21 డిగ్రీలుంటే రెండు నుంచి నాలుగు వారాల్లో మొలుస్తాయి. నేరుగా ఎండ పడితే మూత కింద ఉడికిపోతాయి. మొదటి ఏడాది వీటిని చంపేవి ఒక్క పూట ఎండిపోవడం, లేకపోతే నారుకుళ్ళు. మూత ఒక్కసారిగా తీసేయకుండా రెండు మూడు వారాల మీద కొద్దికొద్దిగా తెరవాలి. చిన్నాకు జాతులు మూడు నాలుగేళ్ళకు పూస్తాయి, పెద్దాకువి పదేళ్ళు దాటొచ్చు.

కొమ్మతో పెంచాలంటే ఆ ఏడాది చిగురే, సగం ముదిరినప్పుడు, ఏడెనిమిది సెంటీమీటర్లు. పూమొగ్గ ఉంటే తీసేయాలి, పెద్దాకును సగానికి కోయాలి. అడుగున ఒక పక్క రెండు సెంటీమీటర్ల బెరడు పలచగా చెక్కి, వేరు పుట్టించే ఐబీఏ హార్మోన్ పొడి అద్ది, పీట్, పెర్లైట్ (తేలికైన తెల్లటి రాతి గుళికలు) సగం సగం కలిపిన దాంట్లో గుచ్చాలి. అడుగు నుంచి 20–22 డిగ్రీల వెచ్చదనం ఇచ్చి, గాలిలో తేమ నిలిపితే రెండు నుంచి నాలుగు నెలల్లో వేరు వస్తుంది. ఇంత హంగు లేనివాళ్ళకు నేల అంటు మేలు. కింది కొమ్మను వంచి, వంపు దగ్గర గాటు పెట్టి, వేలు లోతున పూడ్చి రాయి పెట్టండి. ఏడాదిన్నర, రెండేళ్ళు ఆగాలి, కానీ దాదాపు తప్పకుండా వస్తుంది. కొండ మీద కూడా మంచుకు ఒరిగి నేల తాకిన కొమ్మలు ఇలాగే వేరు పెట్టి పాకుతాయి.

ఇప్పుడు ప్రశ్నలు తీసుకుంటాను.

సభలో ఒకరు: దీని తేనె తాగితే పిచ్చి ఎక్కుతుందంటారు, నిజమేనాండీ?

విషం నిజమే. చాలా జాతుల ఆకుల్లో, పూలలో, తేనెలో గ్రయానోటాక్సిన్లు ఉంటాయి. మన నరాల కణాల్లో సోడియం లోపలికి వచ్చే ద్వారాలు తెరుచుకుని వెంటనే మూసుకోవాలి. ఈ విషం వాటిని మూసుకోనివ్వదు. దాంతో తల తిరగడం, చెమటలు, వాంతులు, గుండె వేగం పడిపోవడం, రక్తపోటు దిగిపోవడం. సాధారణంగా రోజులోపు తగ్గుతుంది కానీ గుండె మరీ నెమ్మదిస్తే ఆసుపత్రిలో గుండె వేగం పెంచే అట్రోపిన్ మందు ఇవ్వాల్సి వస్తుంది. క్రీ.పూ. 401లో నల్లసముద్రం తీరాన గ్రీకు సైనికులు ఇలాంటి తేనె తిని నిలబడలేక పడిపోయారని వాళ్ళ నాయకుడు జెనోఫన్ రాశాడు. నేపాల్ కొండ చరియల తేనెలో కూడా ఇదే విషం ఉంటుంది. మేకలు, గొర్రెలు వేరే మేత లేనప్పుడు ఈ ఆకు తిని చస్తాయి, అందుకని కత్తిరించిన కొమ్మల్ని పశువులకు అందే చోట పడేయకండి. హిమాలయాల్లో అర్బోరియమ్ ఎర్ర రేకులతో పానీయం చేసుకుంటారు, అది ఆ ఒక్క జాతి మాట. దాన్ని చూసి ఇంకో జాతి పువ్వును నోట్లో పెట్టుకోవద్దు.

మరొకరు: కొండ మీద నుంచి చిన్న మొక్క తవ్వి తెచ్చుకోవచ్చా?

వద్దండీ. చాలాచోట్ల చట్టం ఒప్పుకోదు. ఒప్పుకున్నా ఆ మొక్క బతకదు. ఇందాక చెప్పిన వెంట్రుక వేళ్ళు రాళ్ళ సందుల్లో, నాచులో మీటర్ల కొద్దీ పాకి ఉంటాయి, మీ చేతికొచ్చేది కాండం మాత్రమే. నర్సరీలో పెరిగిన మొక్క సంగతి వేరు. దాని వేళ్ళన్నీ ఒక్క ముద్దగా ఉంటాయి కాబట్టి ముప్ఫై ఏళ్ళ పొదనైనా వెడల్పుగా, పలచగా తవ్వి ఇంకో చోటికి మార్చొచ్చు. తెచ్చే జాతి ఏదన్నది కూడా చూసుకోండి. 1763లో బ్రిటన్‌కు తోట మొక్కగా వెళ్ళిన పాంటికమ్ అనే జాతి ఇవాళ అక్కడి పడమటి అడవుల్ని, ఐర్లండ్‌లోని ఓక్ అడవుల్ని కమ్మేసింది. దాని నీడలో ఓక్ మొలక లేవదు. నరికితే మొదట్లోంచి మళ్ళీ చిగురిస్తుంది కాబట్టి నరికిన మోడుకు మందు పూస్తూ ఏళ్ళ తరబడి తిరగాల్సి వస్తోంది.

ఇంకొకరు: సున్నపు నేల వాళ్ళకూ, వేడి చోట ఉండేవాళ్ళకూ దారే లేదా?

సున్నపు నేలకు ఎత్తు మడి చెప్పాను. జర్మనీలో సున్నాన్ని కొంత తట్టుకునే వేరుమొక్కను ఎంపిక చేసి, దాని మీద అంటు కట్టి అమ్ముతున్నారు. ఇంకార్హో పేరుతో దొరుకుతాయి. వేడి సంగతి కష్టం. పగటి వేడి కన్నా రాత్రి చల్లబడకపోవడం, వేరు దగ్గర మట్టి వేడెక్కడం వీటిని దెబ్బతీస్తాయి. రాత్రులు వేడిగా ఉండే మైదానంలో కొండ జాతుల్ని పెట్టొద్దు, డబ్బూ పోతుంది, మొక్కా పోతుంది. అలాంటి చోట ప్రయత్నించదగినవి వైరియాలు. ఇండోనేషియా, మలేషియా, న్యూగినీ కొండల్లో, చాలాసార్లు చెట్ల కొమ్మల మీద పెరిగే జాతులు ఇవి, సుమారు మూడు వందలుంటాయి. మంచు అసలు తట్టుకోవు. వాటిలో కూడా తక్కువ ఎత్తు నుంచి వచ్చినవి ఎంచుకోవాలి. మట్టి వాడకుండా ముతక బెరడు ముక్కలు మూడు వంతులు, పెర్లైట్ ఒక వంతు కలిపి, మొక్కకు కాస్త ఇరుకనిపించే కుండీలో పెట్టండి. ఆ కుండీని ఇంకో పెద్ద మట్టి కుండీలో దించి, మధ్య ఖాళీలో తడి నాచు కూరితే వేరు దగ్గర వేడి బాగా తగ్గుతుంది. ఉదయం ఎండ మాత్రమే పడాలి, పది గంటలు దాటాక నీడ.